అటక మీద చెమ్మ: నీళ్ల దారి తెలిశాకే పూత మాట

అటక మీది చెమ్మ సంగతి చాలా ఇళ్లల్లో బొమ్మల పెట్టె దించిన రోజే బయటపడుతుంది. తిరుపతి, చిత్తూరు వైపు దసరాకు కొలువు పెట్టే ఇళ్లు ఎక్కువ. ఏడాదంతా ట్రంకు పెట్టెలో పడుకున్న మట్టి బొమ్మకు చుట్టిన పాత పేపరు విప్పబోతే అది విడిరాదు. బొమ్మ చెంపకు అంటుకుపోయి, రంగుతో సహా ఊడి చేతికొస్తుంది. పెట్టె అడుగున తుప్పు మరక, గోడ మూలన నల్లటి చుక్కలు, మూత తెరవగానే ముక్కిన వాసన. ఇంట్లో అందరూ పైకి చూసి అనే మాట ఒక్కటే: మిద్దె కారుతోంది, వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి.

చేయిస్తారు కూడా. వేలకు వేలు పోసి మిద్దె మీద పూత వేయిస్తారు. మరుసటి దసరాకు పెట్టె దించితే మళ్లీ అదే వాసన. ఎందుకంటే ఆ నీళ్లు మిద్దె నుంచి వచ్చినవి కావు.

అటక మీదికి నీళ్లు మూడు దారుల్లో చేరతాయి. పైన స్లాబు నుంచి దిగేవి, పక్క గోడలోంచి పాకేవి, ఇంట్లో గాలిలోంచే పుట్టేవి. కింద నిలబడి చూస్తే మూడు మరకలూ ఒక్కలాగే కనిపిస్తాయి. కానీ ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు, కొన్నిసార్లు ఉన్న జబ్బును పెంచుతుంది. కాబట్టి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలేదాకా పూత డబ్బా కొనకపోవడమే మంచిది.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. ఈ విషయం మీద ఇంటర్‌నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలి దేశాలవి. అక్కడ అటక అంటే వాలు కప్పు కింద ఒక గదంత ఖాళీ. చలికాలంలో కింది గదుల్లోని వెచ్చటి ఆవిరి పైకెక్కి, చల్లబడిన కప్పుకు తగిలి నీరవుతుంది. అందుకని వాళ్లు అటక నేల మీద దట్టంగా దూదిలాంటి పరుపు పరిచి, ఆవిరి పైకి పోకుండా ఇంటి లోపలి వైపు ఒక పొర వేసి, చూరు దగ్గర గాలి ఆడేలా సందులు వదులుతారు. మన అటక అలాంటిది కాదు. ఏడడుగుల ఎత్తున గోడకు అంటుకుని రెండడుగుల వెడల్పుతో పోసిన కాంక్రీటు పలక. దాని మీద స్లాబు దాకా మహా అయితే మూడడుగులు. పైగా ఇక్కడ వెచ్చటి తేమ గాలి ఉండేది బయట, చల్లదనం ఉండేది ఏసీ గదిలో. ఆవిరి ప్రయాణం ఎదురు దిశలో సాగుతుంది. లోపలి గోడకు ప్లాస్టిక్ పొర వేయమనే సలహాను తిరుపతిలో ఏసీ ఉన్న ఇంట్లో పాటిస్తే, బయటి నుంచి వచ్చిన తేమ ఆ పొర వెనకే చిక్కుకుని గోడను నానబెడుతుంది.

గాలిలోంచి పుట్టే నీళ్లు

ఫ్రిజ్ నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు బయట చెమట పట్టడం అందరూ చూసేదే. గ్లాసు కారలేదు, గాలిలోని ఆవిరే చల్లటి స్టీలుకు తగిలి నీరైంది. గోడ చెమర్చడం కూడా అంతే. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే మోస్తుంది. మిగిలిన ఆవిరి దగ్గర్లో ఉన్న చల్లటి వస్తువు మీద నీరుగా దిగుతుంది. అది ఇత్తడి గుండిగ కావచ్చు, ట్రంకు పెట్టె రేకు కావచ్చు, వెలుతురు తగలని గోడ మూల కావచ్చు.

బూజు రావాలంటే నీళ్లు కారనక్కర్లేదు. గోడను ఆనుకుని ఉన్న గాలిలో తేమ 80 శాతం దాటి కొన్ని రోజులు అలాగే ఉంటే చాలు. దాన్ని కొలవడానికి చిన్న డిజిటల్ మీటర్లు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. అది లేకపోయినా వంటింట్లోనే ఒక కొలత ఉంది. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటగానే నీళ్లు పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. చిన్న ప్లేటులో చెంచాడు పొడి ఉప్పు అటక మీద మూలగా పెట్టి, ఇంకో ప్లేటు హాల్లో పెట్టి, రెండు రోజులు ఆగి చూడాలి. హాల్లోది పొడిగా ఉండి అటక మీదిది చెమ్మగిల్లితే, ఇబ్బంది ఊరి వాతావరణంలో కాదు, అటకలోనే ఉన్నట్టు. కల్లుప్పు మాత్రం వాడకూడదు. అందులోని మెగ్నీషియం లవణాలు ఇంకా ముందే తేమను లాగేస్తాయి, లెక్క తప్పుతుంది.

మరి ఇంట్లో అంత ఆవిరి ఎక్కడిది? కుక్కర్ విజిల్‌ది కంటికి కనిపిస్తుంది. కనిపించనిది గ్యాసు మంటది. గ్యాసు మండితే వేడితో పాటు నీళ్లూ పుడతాయి. ఒక కిలో వంటగ్యాసు కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. 14.2 కిలోల సిలిండర్ అయిపోయేసరికి దాదాపు 22 లీటర్ల నీళ్లు ఆవిరి రూపంలో వంటింట్లోకి వచ్చి ఉంటాయి. సిలిండర్ నెలన్నర వచ్చే ఇంట్లో అయితే రోజుకు అర లీటరు. అన్నం వార్పు, ఇడ్లీ పాత్ర, సాంబారు మరుగు, ఇవన్నీ దీనికి అదనం. వాన రోజుల్లో గదిలో తాడు కట్టి బట్టలు ఆరేస్తే ఇంకో లీటరో రెండు లీటర్లో కలుస్తాయి. ఈ ఆవిరి వేడి గాలితో పైకి లేస్తుంది. పైన దాని కోసం సిద్ధంగా ఉన్నది పొయ్యి నెత్తిన కట్టిన అటక.

పూర్వం అటకలకు తలుపులు ఉండేవి కావు. సామాను కనిపించినా గాలి తిరిగేది. ఇప్పుడు మాడ్యులర్ కిచెన్ పేరుతో ప్లైవుడ్ తలుపులు బిగించి మూసేస్తున్నారు. చూడటానికి బాగుంటుంది. కానీ ఆ తలుపులు ఆవిరిని ఆపలేవు, లోపలికి చేరిన ఆవిరిని బయటికి పోనివ్వవు. ప్లైవుడ్ కూడా తేమ పీల్చి ఉబ్బుతుంది. తలుపు పైనా కిందా వరసగా రంధ్రాలు కొట్టించడం, లేదా జాలీ తలుపులు పెట్టించడం చాలా చిన్న ఖర్చు. వడ్రంగి ఆ సలహా తనంతట తాను ఇవ్వడం అరుదు, ఇంటివాళ్లే అడగాలి.

చిమ్నీ ఉంది కదా అనే ధైర్యం కూడా అన్ని ఇళ్లల్లో చెల్లదు. పొగగొట్టం లేకుండా, బొగ్గు ఫిల్టర్‌తో పనిచేసే చిమ్నీలు నూనె జిడ్డునూ వాసననూ పట్టుకుంటాయి గానీ ఆవిరిని తిరిగి గదిలోకే వదులుతాయి. గొట్టం ఉన్న చిమ్నీల్లో చూడాల్సింది వేరు. ఆ గొట్టం చాలా ఇళ్లల్లో అటక మీదుగానే బయటికి పోతుంది. మధ్యలో అతుకు ఊడిందంటే వంటింటి ఆవిరంతా నేరుగా అటకలోకే దిగుతుంది. తలుపు మూసి ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఎవరికీ తెలియదు.

ఏసీ గోడ కథ ఇంతకన్నా విచిత్రం. వంటింటికీ పడకగదికీ మధ్య నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, అవతల ఏసీ 20 డిగ్రీల్లో రాత్రంతా నడుస్తుంది అనుకుందాం. ఇవతల వంటింట్లో 28 డిగ్రీలు, 80 శాతం తేమ. అలాంటి గాలి సుమారు 24 డిగ్రీల దగ్గరే చెమర్చడం మొదలుపెడుతుంది. గోడ ఖాళీగా ఉంటే దాని ఇవతలి ముఖం 25 డిగ్రీలకు కాస్త పైనే ఉంటుంది, ఏమీ కాదు. అదే గోడకు ఆనించి అటక మీద పరుపులో, అట్టపెట్టెలో పేర్చితే, వంటింటి వెచ్చదనం గోడను చేరదు. వాటి వెనక గోడ 23 డిగ్రీలకు దిగిపోతుంది. అక్కడే చెమట, అక్కడే బూజు. సామాను ముందు భాగం శుభ్రంగా ఉండి, గోడ వైపు మాత్రమే నల్లబడిందంటే కారణం దాదాపుగా ఇదే. సామానును గోడ నుంచి నాలుగు వేళ్ల దూరం జరిపి, ఏసీని 25 లేదా 26లో పెట్టుకుంటే చాలా వరకు ఆగిపోతుంది. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇది.

మిద్దె మీద రేకులు వేసుకుని, వాటి కింద సామాను పెట్టుకునే ఇళ్లు తిరుపతిలో వీధికి పది కనిపిస్తాయి. పలమనేరు, కుప్పం పీఠభూమి వైపు డిసెంబరు, జనవరి రాత్రులు ఇంకా చల్లన. మబ్బు లేని రాత్రి ఇనుప రేకు తన వేడిని ఆకాశానికి వదిలేసుకుని చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. తెల్లవారుజామున దాని కింది వైపు చుక్కలు కట్టి టపటపా రాలతాయి. రాత్రి వాన పడలేదే, నీళ్లెక్కడివని ఆశ్చర్యపోయి, రేకు స్క్రూల దగ్గర సీలెంట్ పూస్తారు. పగుళ్లుంటే కదా అది ఆపేది. రేకు కింద థర్మోకోల్ లాంటి అడ్డుపొర, రెండు చివర్లా గాలి పోయే సందు, ఇవే దానికి మందు. పాత మంగళూరు పెంకుల ఇళ్లల్లో ఈ బాధ తక్కువ. పెంకు కాస్త చెమ్మను పీల్చి ఎండలో వదిలేస్తుంది, పెంకుల మధ్య సందుల్లోంచి గాలీ ఆడుతుంది.

వాన తెచ్చే నీళ్లు

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు రెండు రుతుపవనాలూ వాననిస్తాయి. గోడలను నానబెట్టేది మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానే. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతి వీధులు మునిగి, తిరుమల ఘాట్ రోడ్లు మూతపడ్డ రోజులు ఊరు మరచిపోలేదు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చింది. ఇలాంటి వాన నిలువుగా పడి ఊరుకోదు. గాలితో కలిసి గోడను అడ్డంగా కొడుతుంది. ఈశాన్యం నుంచి వచ్చే గాలి కాబట్టి ఉత్తరపు గోడ, తూర్పు గోడ ఎక్కువగా తడుస్తాయి. పైగా ఆ నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. తూర్పు గోడకు పొద్దున్నే కాస్త ఎండ తగులుతుంది, ఉత్తరపు గోడకు అదీ ఉండదు. తడిసేదీ అదే, ఆఖరున ఆరేదీ అదే. బరువంతా దక్షిణం, పడమర గోడలకు ఉండాలని వాస్తు చూసేవాళ్లు చెబుతారు. ఆ మాట విని అటకలు అటువైపు కట్టుకున్న ఇళ్లకు చెమ్మ విషయంలోనూ మేలే జరిగింది.

ఈ వాన నీళ్లు అటకలోకి దూరే చోటు ఒకటి ఉంది. మేస్త్రీలకు బాగా తెలుసు, ఇల్లు చూసుకునేవాళ్లకు అసలు కనిపించదు. కిటికీ మీద బయట సజ్జ ఉంటుంది. అదే ఎత్తులో గోడకు లోపలి వైపు అటక ఉంటుంది. చాలా ఇళ్లల్లో లింటల్‌తో (కిటికీ పైన గోడను మోసే కాంక్రీటు దిమ్మెతో) పాటు సజ్జనూ అటకనూ ఒకేసారి కలిపి పోస్తారు. అంటే బయటి పలకా లోపలి పలకా గోడలో ఒకదాన్నొకటి అంటుకునే ఉంటాయి. ఇప్పుడు మిద్దె మీది నుంచి వంగి ఆ సజ్జను చూడాలి. దాని మీద వేపాకులు, పక్కింటి నుంచి ఎగిరొచ్చిన ప్లాస్టిక్ కవర్లు, పావురాల రెట్ట, అడుగున అంగుళం మందాన మట్టి. ఆ మట్టిలో ఒక రావి మొక్క. సజ్జ వాలు బయటికి కాకుండా గోడ వైపుకే ఉంటుంది. వాన వెలిసిన మూడో రోజు కూడా ఆ మట్టి పిండితే నీళ్లు వచ్చేలా ఉంటుంది. సజ్జా గోడా కలిసే చోట వెంట్రుక మందం పగులు. ఆ తడంతా ఆ పగుల్లోంచి లింటల్ మీదుగా లోపలికి పాకి, అటక పలకకూ గోడకూ మధ్య గోధుమ రంగు గీతగా తేలుతుంది. పైన మిద్దెకు ఎన్ని పూతలు వేసినా ఈ గీత పోదు. సజ్జ మీద మట్టి ఎత్తిపోసి, మొక్కను వేరుతో పీకి, సజ్జా గోడా కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా పూడ్చి, వాలు బయటికి తిప్పితే ఒక్క రోజు పనితో తీరుతుంది. సజ్జ అంచు కింది వైపు నీటి చుక్క తెగిపడటానికి సన్నని గాడి ఉండాలి. లేకపోతే నీళ్లు అంచు చుట్టి తిరిగి గోడ మీదికే నడుస్తాయి.

ఇక మిద్దె. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో తిరుపతి స్లాబు పై ముఖం మధ్యాహ్నం 60 డిగ్రీల దగ్గరికి పోయి, తెల్లారేసరికి సగానికి దిగుతుంది. రోజూ సాగి ముడుచుకునే ఈ ఆటలో ముందు విడిపోయేది పిట్టగోడా స్లాబూ కలిసే అంచు. నవంబరు నీళ్లు మే నెలలో పడ్డ ఆ పగుల్లోంచే దిగుతాయి. మిద్దె మీద నీళ్లు నిలిచే గుంటలు, ఆకులతో పూడిన తూము, పూత మీద పూత వేయడంతో కింద కప్పబడ్డ పాత పగుళ్లు దీనికి తోడు. పది అడుగులకు అంగుళానికి తగ్గకుండా వాలు ఉండాలి. పాత ఊళ్లో మిగిలిన మద్రాసు టెర్రస్ మిద్దెల్లో దూలాల మీద నిలువు ఇటుక పేర్చి, ఇటుక ముక్కలు కలిపిన సున్నం వేసి కొట్టేవాళ్లు. ఆ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. అలాంటి మిద్దె మీద నేరుగా సిమెంటు కాంక్రీటు పోయడం మంచిది కాదు. సున్నం కన్నా సిమెంటు బిగుతు. కింద తడి చిక్కుకుంటే దూలాల కొనలు గోడలోనే కుళ్లుతాయి.

స్లాబులో దిగిన నీళ్లు తిన్నగా కిందికి రావు. లోపల కరెంటు వైర్ల గొట్టం ఎదురైతే దాని వెంట నడిచి, ఎక్కడో ఫ్యాన్ కొక్కెం దగ్గర బయటపడతాయి. మరక ఉన్న చోటుకు సరిగ్గా పైన పగులు లేదంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అపార్టుమెంట్లో నడిమి అంతస్తు అయితే పైన ఉండేది మిద్దె కాదు, పై అంతస్తువాళ్ల బాత్రూము. ఆ చెమ్మకు వానతో పని లేదు, పైవాళ్ల స్నానాల వేళలతో పని.

దొంగను పట్టే పద్ధతి

క్యాలెండరే సగం చెబుతుంది. మే నెల ఎండల్లో కూడా తడి ఉంటే అది వాన కాదు, ఆవిరి కూడా కాకపోవచ్చు. ట్యాంకు పొంగి రోజూ స్లాబు తడుస్తుండాలి, లేదా పైపు, గీజరు దగ్గర కారుతుండాలి. వాన పడ్డ కొన్ని గంటల్లో మొదలై, వాన ఆగాక రెండు మూడు రోజులకు తగ్గే తడి సజ్జదో మిద్దెదో. వాన లేకుండా పొద్దున పూట మాత్రమే, ఒక చోట మరకలా కాకుండా గోడంతా సన్నగా పరుచుకుని, ఇనుప సామాను మీద కూడా చుక్కలు కడితే అది గాలిలోని ఆవిరి. మరక రూపం కూడా చూడాలి. కారిన నీళ్లు అంచున గోధుమ రంగు గీత వదులుతాయి, తెల్లటి ఉప్పు తేలుస్తాయి. చెమర్చిన గోడకు అంచు ఉండదు, నల్ల చుక్కలుంటాయి. తెల్లగా ఉన్నది ఉప్పో బూజో తెలియకపోతే ఒక నీటి చుక్క వేయాలి. ఉప్పయితే కరిగిపోతుంది.

ఇంకా అనుమానం ఉంటే, అడుగు చదరం మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు పరిచి నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించి రెండు రోజులు వదలాలి. తీసే ముందు చూస్తే, గది వైపు ముఖం మీద చుక్కలుంటే ఆవిరి. గోడ వైపు ముఖం తడిస్తే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. మిద్దెను పరీక్షించాలంటే తూములు మూసి రెండంగుళాల నీళ్లు రెండు రోజులు నిలగట్టి కింద కాపు కాయాలి. ఇది ఎండాకాలంలో చేయాల్సిన పని. పాత మద్రాసు టెర్రస్ మీద, పెచ్చులూడుతున్న స్లాబు మీద నీళ్లు నిలగట్టకూడదు. ఆ బరువూ నానుడూ అవి మోయలేవు.

ఈ పరీక్షలకు విలువ ఎక్కడ తెలుస్తుందంటే అద్దె ఇళ్లల్లో. "మీ మిద్దె కారతా ఉండాది సార్" అని అద్దెకున్నవాళ్లు, "రోజంతా కిటికీలు మూసి పెట్టుకుంటే ఆవిరి ఎక్కడికి పోతాదమ్మా" అని ఓనరు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు, ఇద్దరూ పొరపడి ఉండవచ్చు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి సున్నం ఖర్చు కోసుకునే గొడవ కన్నా, ఒక ప్లాస్టిక్ కాగితం ముక్క ముందే ఆ మాట తేల్చేస్తుంది.

మరమ్మతు విషయంలో అన్నింటికన్నా హాని చేసే పని ఒకటుంది. పైన దారి మూయకుండా, కింది నుంచి సీలింగుకు వాటర్‌ప్రూఫ్ పూత వేయడం. మరక కొన్నాళ్లు కనిపించదు. కానీ నీళ్లు స్లాబులోనే నిలిచి కడ్డీలను తుప్పు పట్టిస్తాయి. తుప్పు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. అటక కింద నిలబడి వంట చేసే మనిషి నెత్తిన పడేది ఆ పెచ్చే. పూత వేసేదేదైనా నీళ్లు వచ్చే వైపే వేయాలి. అదీ మార్చి నుంచి మే లోపల, స్లాబు బాగా ఆరాక, ఎండ తగ్గిన పూట. డిసెంబరులో తడి స్లాబు మీద హడావిడిగా వేయించుకున్న పూత ఎండాకాలం వచ్చేసరికి బుడగలు లేచి పొరలుగా ఊడుతుంది.

లోపలి గోడలకు మాత్రం పాత సున్నమే మేలు. సంక్రాంతికి ముందు ఇంటికి సున్నం కొట్టడంలో ఎంత తెలివి ఉందో ఈ జిల్లా వానల లెక్క చూస్తే అర్థమవుతుంది. ఈశాన్య వానలు వెనక్కి తగ్గి, గోడలు ఇంకా చెమ్మగా ఉన్న వేళ అది. తాజా సున్నం క్షారగుణానికి బూజు బతకదు. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుంది కూడా. అటక లోపలి గోడలకు పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వేయడం ఖర్చు పెట్టి గోడ ఊపిరి మూసినట్టే. ఎవరికీ కనిపించని ఆ మూడడుగుల గోడకు నున్నదనంతో పనేముంది?

గాలి ఆడనివ్వాలి అనే మాట కూడా ఎప్పుడు, ఎలా అని అడిగే పాటించాలి. నవంబరు ముసురులో బయట 24 డిగ్రీలు, 95 శాతం తేమ ఉంటే ఘనపు మీటరు గాలిలో 20 గ్రాములకు పైగా ఆవిరి ఉంటుంది. ఇంట్లో 27 డిగ్రీలు, 75 శాతం ఉంటే ఉన్నది 19 గ్రాములే. ఆ పూట అటక కిటికీ బార్లా తెరిస్తే లోపల ఆరదు, ఇంకాస్త తడుస్తుంది. ముసురు రోజుల్లో చేయగలిగింది ఆవిరిని పుట్టిన చోటే పట్టి బయటికి నెట్టడం. వంట మొదలుపెట్టినప్పుడే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంట అయ్యాక ఇంకో పావుగంట తిరగనివ్వాలి. గిన్నెల మీద మూతలు పెట్టాలి. జనవరి మధ్యాహ్నం 29 డిగ్రీలు, 50 శాతం ఉన్న పూట బయటి గాలిలో 14 గ్రాముల ఆవిరే. అలాంటి రోజున అటక తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి, కింద టేబుల్ ఫ్యాను పెట్టి పైకి తిప్పితే, నెలల చెమ్మ రెండు మూడు రోజుల్లో దిగుతుంది. పాత ఇళ్లల్లో కిటికీకి పైన, స్లాబుకు కింద వెంటిలేటర్ ఉండేది. కొత్త ఇళ్లల్లో అది మాయమైంది, లేదా అటక దాన్ని మూసేసింది. ఇల్లు కట్టించుకునేవాళ్లు అటకకు పైన గోడలో దోమల జాలీతో ఒక చిన్న కన్నం అడిగి పెట్టించుకుంటే, తర్వాత ఈ తిప్పలన్నీ సగం ఉండవు.

బొగ్గులు, సిలికా జెల్ (తేమ పీల్చే గుళికల) పొట్లాలు మూసిన డబ్బాలో కొంత పనిచేస్తాయి. తెరిచి ఉన్న అటకలో వాటి బలం ఎంతో కాదు. తేమతో నిండాక బొగ్గులను ఎండలో పెట్టి మళ్లీ వాడాలి.

బూజు పట్టిన గోడను పొడిగా చీపురుతో దులపకూడదు. కంటికి కనిపించని దాని పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు అది ప్రమాదం. ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకుని, సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయాలి. బ్లీచింగ్ వాడితే బాత్రూము యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. అటక గోడలో వైర్లు, స్విచ్చు పెట్టెలు తడిసి ఉంటే ముందు మెయిన్ ఆఫ్ చేయాలి, తర్వాతే నిచ్చెన ఎక్కాలి.

భోగికి పాత సామాను ఎలాగూ దించుతారు కాబట్టి అటకను ఖాళీగా చూడటానికి అంతకన్నా మంచి రోజు లేదు. అప్పుడే మరక అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయాలి. సామాను తిరిగి పెట్టేటప్పుడు అడుగున రెండు చెక్క పట్టీలు వేసి, గోడకు నాలుగు వేళ్లు వదలాలి. అట్టపెట్టెల బదులు మూత ఉన్న డబ్బాలు పెట్టుకుంటే చెదలకు మేత దొరకదు. బొమ్మలను మాత్రం దసరా అయిన వెంటనే ఎక్కించే అలవాటు మార్చుకోవాలి. అవి అటక ఎక్కేది సరిగ్గా ఈశాన్య వానలు మొదలయ్యే వేళకే. ముసురులో చుట్టిన పేపరు ఆ రోజు తేమను పెట్టెలోకి మోసుకుపోతుంది. ఎండ కాసిన మధ్యాహ్నం దాకా ఆగి, పేపరుకు బదులు ఉతికి ఆరేసిన పాత నూలు చీర ముక్కల్లో చుట్టి పెడితే రంగు అంటుకోదు. మళ్లీ వచ్చే కార్తీకంలో నాలుగు పెద్ద వానలు పడ్డాక టార్చి లైటు వేసి, పెన్సిలు గీత దాటి మరక వచ్చిందేమో చూడాలి.